పండగ మర్నాటి నోరు

నాకొక చెడ్డ అలవాటుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ కళ్ళలోకి చూడను, నోట్లోకి చూస్తాను. పెళ్ళిలో ఎవరైనా పడీ పడీ నవ్వుతుంటే ఆ జోకేమిటో నాకు వినపడదు. దవడపళ్ళ వెనక తెల్లగా ఏమైనా ఉందేమోనని వెతుకుతూ ఉంటాను. ఏలూరులో ఒక చిన్న ల్యాబులో ఇరవయ్యేళ్ళుగా పని చేస్తున్నాను. జనం ఒంట్లోంచి తీసిన కణాల్ని గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టడం నా ఉద్యోగం. "నువ్వు మనుషుల్ని చూడవే, మచ్చల్ని చూస్తావు" అంటారు మావారు. అంటే అన్నారు గానీ, ఒక మనిషి విషయంలో మాత్రం మచ్చను సరిగ్గా చూడలేదు. మనిషినే చూసి మురిసిపోయాను.

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెం బయల్దేరాను. బాబాయిగారు పోయి ఆరు నెలలైంది. భర్త పోయాక వాళ్ళ ఆచారం ప్రకారం ఇల్లు కదలకుండా గడపాల్సిన నాలుగు నెలల పది రోజులూ గడిపి, పిన్నిగారు గూడెంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడని చూసొద్దామని బస్టాండులో నిలబడ్డాను. వెనక నుంచి చప్పుడు. టప్, టప్, టప్. కాస్త ఆగి ఇంకొకటి, టప్. తిరిగి చూస్తే ఎవరో డ్రైవరు. అరచేతిలో పొగాకు, సున్నం వేసి బొటనవేలితో నలిపి, రెండో చేత్తో చరిచి దుమ్ము ఎగరగొట్టి, బుగ్గ పక్కకి లాగి చిటికెడు లోపల పెట్టుకున్నాడు. పాతికేళ్ళుంటాయేమో. "బాబూ, ఎందుకయ్యా అది?" అన్నాను నోరు ఆగక. "నిద్ర రాకుండానండి" అన్నాడు మర్యాదగా, నవ్వుతూ. నేను మళ్ళీ వాడి నోట్లోకే చూశాను.

ఆ చప్పుడు వింటూ పెరిగినదాన్ని నేను. తమ్మిలేరు అవతల మేము అద్దెకున్న ఇంటి వెనకే బాబాయిగారి మగ్గం. మాకు ఆయన చుట్టం కాదు. ఏలూరు తివాచీలు నేసే సాయిబుల కుటుంబం వాళ్ళది. మా నాన్న ఆయన్ని తమ్ముడూ అనేవారు కాబట్టి నాకు బాబాయిగారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు, ఎడమ భుజం కొంచెం వాలి. చేతులు ముడులు వేస్తుంటే నోరు లెక్క చెప్పేది. ఎదురుగా గళ్ళ కాగితం మీద పువ్వు బొమ్మ ఉంటుంది, ఒక్కో గడికి ఒక్కో ఉన్ని ముడి. "రెండు ఎరుపు, ఒకటి తెలుపు, నాలుగు పచ్చ" అని రాగం తీస్తూ నేసేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే జవాబు కూడా ఆ రాగంలోనే వచ్చేది. "మూడు నీలం, కూర్చోమ్మా, ఒకటి తెలుపు, పిన్ని లోపలుంది, రెండు ఎరుపు, చెప్పులు అవతల విప్పు." ఇన్ని మాటల మధ్య ఒక్క ముడి తప్పేది కాదు.

దేన్నయినా తిరగేసి చూడటం ఆయనకో జబ్బు. చీర చూపిస్తే వెనక్కి తిప్పి చూస్తారు. శుభలేఖ ఇస్తే వెనకవైపు ముందు చదువుతారు. మా అమ్మ అట్టు పెడితే దాన్నీ తిరగేసి, "వెనక బాగా కాలిందండి వదినగారూ" అని సర్టిఫికెట్ ఇచ్చి గానీ తినేవారు కాదు. "ముందువైపు ఏముందమ్మా, ముందు అందరూ అందంగానే చేస్తారు. పనివాడి సంగతి వెనక చూస్తే తెలుస్తుంది." ఈ మాట ఆయన దగ్గర ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

పొగాకు గురించి కూడా ఆయనకి గట్టి అభిప్రాయాలుండేవి. ఉన్ని ఉన్నచోట నిప్పు పనికిరాదు. అందుకని బీడీ కాల్చేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు. "నేను ఎవరి మీదా పొగ వదలను. ఎవరి ఉన్నీ కాల్చను. నా బుగ్గలో నేను పెట్టుకుంటాను, నా దారిన నేను నేసుకుంటాను" అనేవారు. ప్యాకెట్లలో వచ్చే సరుకు ముట్టరు. నల్లజర్ల నుంచి తెలిసినవాళ్ళ చేత ఆకు తెప్పించుకునేవారు. "వాటిలో ఏం కలుపుతారో ఏంటో. ఇది ఆకమ్మా, చేలో పండింది." చేలో పండిందాన్లో విషం ఉండదని ఆయన నమ్మకం. పిన్నిగారు మాత్రం పొద్దస్తమానం సాధించేవారు. "బుగ్గలో ఆ ఎరువుగుంత ఏవిటండీ, పిల్లలు చూస్తారు" అని. మగ్గం మీదనుంచి లేచి ఉమ్మి రావడం కుదరదు. లేస్తే లెక్క పోతుంది. అందుకని ఒక్కో చిటికెడు గంటా గంటన్నర ఎడమ బుగ్గలో అలాగే ఊరుతూ ఉండేది. ఊరిన రసం మింగేవారు.

ఆయన మొదటిసారి మా ల్యాబుకొచ్చింది పన్ను నొప్పి పుణ్యమాని. పళ్ళ డాక్టరుగారు నోట్లో తెల్లమచ్చ చూసి, గోకించుకు రమ్మని చీటీ రాసి పంపారు. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"ఏవండీ డాక్టరమ్మా, మీరేనా ఇక్కడ!"

"నేను డాక్టర్ని కాదండీ బాబాయిగారూ. ఎప్పుడూ లేంది నన్ను మీరు అంటారేంటి?"

"కోటు వేసుకున్నారు కదండీ. కోటుకి మీరు. ఇంటికొస్తే నువ్వే."

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ల్యాబులో మీరు, వీధిలో నువ్వు.

బుగ్గ లాగి లైటు వేశాను. కింది పళ్ళ పక్కన, పొగాకు పెట్టే చోట, చర్మం తెల్లబడి ముడతలు పడి ఉంది. నీళ్ళలో బాగా నానిన వేలి కొసలా ఉంది. చెక్కపుల్లతో మెల్లగా గోకి, పలక మీద పూసి, రంగు వేశాను. తనకీ చూపించమన్నారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని మైక్రోస్కోపు మీద వంగారు.

"అట్ల మీద ఒక్కో మిరియపు గింజ పెట్టినట్టున్నాయి. ఇవన్నీ నావేనా?"

"మీవేనండి. మంచి కణం అలాగే ఉంటుంది. పెద్ద అట్టు, చిన్న గింజ."

"మరి చెడ్డది?"

"అట్టు కుంచించుకుపోతుంది, గింజ ఉబ్బుతుంది. నల్లబడుతుంది, వంకర తిరుగుతుంది. పొగాకూ సున్నమూ రోజూ ఒకేచోట మండిస్తుంటే, అరచేతిలో కాయ కాసినట్టు లోపలి చర్మం దళసరెక్కుతుందండి. ఆ తెలుపు అదే. పాడైపోయిన కణాల బదులు కింద కొత్తవి గబగబా పుట్టాలి. పొగాకులో విషాలుంటాయి, అవి కణంలోకి దిగి దాని లెక్క చెడగొడతాయి. ఆ తొందరలో ఏదో ఒకటి తప్పు పుడుతుంది."

ఆయన తలెత్తారు. "తొందరగా నేస్తే ముడి తప్పుతుంది. అంతేనా?"

"అంతేనండి."

"ఒక్క ముడికేం అవుతుందమ్మా?"

"ఆ తప్పుముడిని చూసి పక్కదీ, దాన్ని చూసి దాని పక్కదీ వేస్తూ పోతేనో?"

ఆయన మళ్ళీ వంగి చాలాసేపు చూశారు. ఆయన పెదవులు కదలడం గమనించాను. కణాలు లెక్క పెడుతున్నారు.

సాయంత్రం మా పెద్ద డాక్టరుగారు పలక చూసి నాలుగు మాటలు చెప్పారు. చెడ్డ కణాలు కనపడలేదు. కానీ గోకితే వచ్చేది పైపొర మాత్రమే, కింద ఏముందో దీంతో తెలియదు. పొగాకు పూర్తిగా మాన్పించి కొన్ని వారాల్లో మళ్ళీ చూడాలి. మచ్చ పోకపోతే చిన్న ముక్క కోసి పరీక్ష చేయాలి. రిపోర్టులో కూడా అదంతా ఇంగ్లీషులో రాశారు. ఆ కాగితం చదివి చెప్పమని బాబాయిగారు నా చేతికే ఇచ్చారు. నాలుగు మాటల్లో నేను ఆయనకి ఎన్ని చెప్పాను? ఒకటి.

"ఏం లేదండి బాబాయిగారూ. కాస్త తగ్గించుకుంటే మంచిదన్నారు. వీలు చూసుకుని మళ్ళీ ఓసారి రండి."

ఎందుకలా చెప్పానని ఇప్పుడు నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. మా గోదావరోళ్ళ మర్యాద ఇలాగే ఏడుస్తుంది. మనిషి పోయినా "ఆయనకి కాస్త బాగోలేదటండి, ఓసారి రాగలరా" అని కబురు పెడతాం. కత్తిని కూడా అరటాకులో చుట్టి ఇస్తాం. కాన్సర్ అనే మాట ఆయన మొహం మీద అనడానికి నాకు నోరు రాలేదు. చిన్నప్పుడు నాకు ఉన్ని బంతులిచ్చి ఆడించిన మనిషి. ఆ "ఏం లేదు" విన్నాక ఆయన గుండెల మీద చెయ్యి వేసుకుని, "అల్లా దయ, మీ చేతి చలవ" అన్నారు. నేనూ సంతోషించాను. గాడిదని.

తర్వాత కొన్నాళ్ళకి రంజాను నెల వచ్చింది. ఆ నెల ఆయన పగలే కాదు, ఉపవాసం విడిచాక కూడా పొగాకు ముట్టరు. మసీదులో పక్కవాడి భుజానికి భుజం ఆనించి నిలబడే వేళ నోరు కంపు కొట్టకూడదని నియమం. ఏడాదిలో ఆ ఒక్క నెలా ఆయన బుగ్గ ఖాళీగా ఉండేది. పండగ మర్నాడు పొద్దున్నే స్టీలు క్యానులో సేమియా పాయసం పట్టుకుని ల్యాబుకొచ్చారు. కొత్త లాల్చీ, అత్తరు వాసన. క్యాను బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, నేను అడక్కుండానే నోరు తెరిచారు.

లైటు వేసి చూస్తే మచ్చ దాదాపు పోయింది. పలచని పొరలా మిగిలిందంతే.

"చూశారా డాక్టరమ్మా! ఉపవాసం కడిగేసింది."

నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. పాయసం అందరం తాగాం. ఆయన ఇంటికెళ్ళి మళ్ళీ చిటికెడు వేసుకున్నారు. మచ్చ పడితే మళ్ళీ రంజాను వస్తుంది, మళ్ళీ కడుగుతుంది. ఇదీ ఆయన లెక్క. రెండో ఏడూ అంతే. పండగ మర్నాడు క్యాను, కొత్త లాల్చీ, తెరిచిన నోరు. నన్ను చూపించి మా ల్యాబులో పని నేర్చుకునే పిల్లలతో అనేవారు, "ఏడాదికోసారి ఈవిడగారికి హాజరు వేయించుకోవాలండీ" అని. నేనేమో ఆయన నోటిని ఏడాదికొక్కసారి, అదీ అది అన్నిటికంటే శుభ్రంగా ఉండే రోజున చూసి శభాష్ అనేదాన్ని. కలుపు తీసిన మర్నాడు గట్టు మీద నిలబడి చేలో కలుపు లేదని మురిసినట్టుంది నా తెలివి. రంజానుకి ముందు రమ్మని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అన్నానా? లేదు.

ఆ రెండో ఏడే పండగైన మూడు నెలలకి పెదపాడు వైపు చేపల చెరువుల దగ్గర ఆయన కనిపించారు. తివాచీ ఆర్డర్లు లేనప్పుడు కొల్లేరు చుట్టుపక్కల చిరిగిన వలలు బాగుచేయడానికి వెళ్ళేవారు. ముడి ముడే కదండీ, ఉన్నయితేనేం నైలానయితేనేం అనేవారు. మావారి స్కూటరు మీద వెళ్తూ చూసి ఆపించాను. గట్టు మీద కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని అల్లుతున్నారు. ఎడమ బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. ఆడకూతురి ముందు, అందులోనూ నా ముందు ఉమ్మడం ఆయన మర్యాదకి సరిపడదు. నేను చూస్తుండగానే గొంతు పైకీ కిందికీ కదిలింది. మొత్తం మింగేశారు.

"బాగున్నావా అమ్మా?" అన్నారు. మాట పూర్తి కాకముందే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నుదుటి మీద చెమట. కళ్ళు నీళ్ళు తిరిగాయి. మావారు పరుగున నీళ్ళ సీసా తెచ్చారు.

"ఎందుకండి మింగారు! ఉమ్మెయ్యొచ్చు కదా!" అని అరిచాను.

"నీ ముందా?" అన్నారు ఎక్కిళ్ళ మధ్య, నొచ్చుకుంటూ.

ఆ తర్వాత దారిలో ఆయన ఎదురొస్తే నాకు దడ పుట్టేది. ఆయనకి ముందుగా కనపడేలా దూరం నుంచే గొడుగు ఊపేదాన్ని, నోరు ఖాళీ చేసుకోవడానికి టైము దొరుకుతుందని. నవ్వుకోండి. చెప్పాల్సిన మాట చెప్పడం చేతగాక గొడుగు ఊపాను.

మూడో ఏడు పండగ మర్నాడు మచ్చ పోలేదు. తగ్గింది గానీ, అంచు మిగిలింది. ధైర్యం చేసి, "చిన్న ముక్క తీసి చూడాలండి" అన్నాను.

"ఉన్న నోటిని కోయడం ఎందుకమ్మా? గోకండి చాలు."

"గోకితే ముందువైపే తెలుస్తుందండి బాబాయిగారూ. తివాచీని మీరు తిరగేసి చూడరూ? ఇదీ అంతే. వెనక చూడాలి."

ఆయన నా వైపు మెచ్చుకోలుగా చూశారు. ఒప్పుకున్నారనే అనుకున్నాను. గడ్డం నిమురుకుని, "తివాచీకి వెనకుంటుందండీ. నోటికి వెనక గొంతే కదా" అన్నారు. ల్యాబులో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వు వచ్చిన తర్వాత గట్టిగా మాట్లాడటం కుదరదు. "పోనీ ఒక నెల చేసిన మేలు మీ కళ్ళతో మీరే చూస్తున్నారుగా, మిగతా పదకొండు నెలలూ మానెయ్యండి" అని బతిమాలాను. "పదకొండు నెలలు మగ్గం మీదెవరు కూర్చుంటారమ్మా, నువ్వా?" అన్నారు. కోటు మీదుండగానే ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. అంటే ఆ సంభాషణ అయిపోయిందని అర్థం. నేను ఊరుకున్నాను.

నాలుగో ఏడు పండగ మర్నాడు ఆయన రాలేదు. పదకొండు దాటాక పిన్నిగారు క్యాను తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఆయనకి నలతగా ఉందమ్మా. ఈసారి ఉపవాసాలు నిష్ఠగా చేశారు. సాయంత్రం కూడా గంజి తప్ప ఏమీ ముట్టలేదు."

గంజి అన్న మాట వినగానే నాకు అర్థమైంది. నిష్ఠ కాదది. నమల్లేకపోతున్నారు. పాయసం అక్కడే వదిలేసి ఆవిడ వెంటే ఆటోలో వెళ్ళాను. దారి పొడుగునా ఆవిడ ఆయన భక్తి గురించి చెబుతూనే ఉన్నారు. నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు.

ఆయన మంచం మీద, ఎడమవైపు గోడకి ఆనించి కూర్చున్నారు. పండగ లాల్చీ నలగలేదు. కోటు తీసి రావడం మర్చిపోయాను, అయినా ఆయన నన్ను మీరు అనలేదు.

"పండగ పూట ఎందుకమ్మా పరిగెత్తుకొచ్చావు."

"ఒక్కసారి చూడనిస్తారా?"

ఆయన పిన్నిగారిని మంచినీళ్ళు తెమ్మని లోపలికి పంపారు. ఆవిడ వెళ్ళాక నెమ్మదిగా అన్నారు, "నెలంతా ముట్టలేదమ్మా. ఒక్కరోజు కూడా. ఈసారి పోలేదు."

ఆ గొంతులో భయం నేనెప్పుడూ వినలేదు. ఫోను లైటు వేశాను. నోరు పూర్తిగా తెరుచుకోలేదు. తెలుపు మధ్యలో ఎర్రటి నేల, దాని నడుమ పుండు, అంచులు గట్టిపడి పైకి లేచి ఉన్నాయి. మైక్రోస్కోపు అక్కర్లేదు. నాకు తెలిసిపోయింది. ఆయన నా మొహమే చూస్తున్నారు. ఆ మొహాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ముక్క తీశారు. పలక మీద చూస్తే అట్లు కుంచించుకుపోయి, గింజలు ఉబ్బి నల్లగా, ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి. పెద్ద డాక్టరుగారు రాకముందే చూసి, తలుపు వేసుకుని ఏడ్చాను. విజయవాడలో ఆపరేషన్ జరిగింది. దవడలో సగం, మెడలో గడ్డలు తీశారు. ఆపైన రేడియేషన్, అదే కరెంటు, పెట్టారు. ముక్కులోంచి గొట్టం. లెక్క చెప్పే నోరు ఆగిపోయింది. ఆస్పత్రిలో కూర్చున్నంతసేపూ దుప్పటి అంచు తిరగేసి వెనక చూస్తూ ఉండేవారు.

చివరిసారి వెళ్ళినప్పుడు తట్టుకోలేక చెప్పేశాను. మొదటి ఏడు డాక్టరుగారు చెప్పింది మీకు మొత్తం చెప్పలేదండీ, నాదే తప్పు అని. ఆయన చాలాసేపు కూడదీసుకుని, ముద్దగా, ఒక్కో మాటా పోగేసి అన్నారు. "నీ తప్పేం లేదమ్మా." చలికాలంలో పోయారు. ఆరు నెలల నుంచీ ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాను. నిజంగా అన్నారా, నన్ను నొప్పించడం ఇష్టంలేక మర్యాదకి అన్నారా? ఆయన సంగతి నాకు తెలుసు. నా ముందు ఉమ్మలేక పొగాకు మింగిన మనిషి.

గూడెంలో బస్సు దిగి, ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో కూతురి ఇల్లు వెతుక్కుని వెళ్ళాను. పిన్నిగారు చిక్కిపోయారు. నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చి, తర్వాత అన్నం పెట్టారు. ఏవేవో మాట్లాడుకున్నాం. మగ్గం అమ్మేశారట. మాటల మధ్యలో అడిగాను, "ఆయన ఆకు ఇంకా ఇంట్లో ఉందా పిన్నిగారూ?"

"ఎందుకుంచుతానమ్మా ఆ పాడు ఆకు? మొత్తం కాల్చేశాను."

"మంచి పని చేశారు" అన్నాను. నిజంగా గుండె తేలికపడింది.

భోజనమయ్యాక ఆవిడ పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళారు. గూట్లోంచి హార్లిక్స్ సీసా లాంటిదొకటి తీసి, నల్లటి పొడి వేలికద్దుకుని, కింది పెదవి లాగి చిగుళ్ళకి రుద్దుకుంటున్నారు. చెయ్యి తుడుచుకుంటూ వెనకే వెళ్ళిన నేను గుమ్మంలో ఆగిపోయాను.

"ఏంటండీ అది?"

"పళ్ళపొడమ్మా. ఎప్పుడూ వాడేదే. ఆయన ఆకు ఒలిచి పారేసే ఈనెలు పొయ్యిలో కాల్చి నూరుకునేదాన్ని, వృథా ఎందుకని. పంటిపోటుకి మంచిది. పూటకోసారి పెట్టుకోకపోతే తలపోటు వచ్చేస్తుంది. మొన్న ఆకంతా కాల్చాను కదా, సీసా నిండింది."

"పిన్నిగారూ, అది పొగాకు!"

"అయ్యో, నేను పొగాకు తింటానా అమ్మా? ఆయన్ని అన్నేళ్ళు సాధించినదాన్ని. కాల్చింది కదా. కాలిస్తే విషం పోతుంది."

ముప్పై ఏళ్ళపాటు ఆ ఇంట్లో టీ తాగాను. ఆవిడ నోట్లోకి చూడాలని ఏనాడూ తోచలేదు. ఫోను లైటు వేశాను. "పెదవి లాగండి" అన్నాను.

"నాకేముంటుందమ్మా" అంటూనే లాగారు. కింది పెదవికీ చిగుళ్ళకీ మధ్య, పొడి మరకల కింద, తెల్లటి మచ్చ. చింతగింజంత ఉంది. ముడతలు పడి ఉంది.

కూతురు వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "ఏవుందండీ?" అంది. ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. నా నాలుక చివర మెత్తటి మాటలు ఎన్ని వచ్చాయో. అన్నీ మింగేశాను.

"మచ్చ ఉంది పిన్నిగారూ. బాబాయిగారికి మొదట్లో ఉన్నటువంటిదే. మంచిదో చెడ్డదో నేను చెప్పలేను, గోకినా తెలియదు. ముక్క కోసి చూడాలి. చెడ్డదైతే కాన్సర్. ఇప్పుడే చూస్తే బతుకుతారు, ఆలస్యం చేస్తే ఆయనలాగే పోతారు. ఆ పొడి ఇంక మీ నోట్లోకి వెళ్ళడానికి వీల్లేదు. రేపటి మాట వద్దు, ఈ సాయంత్రమే నాతో ఏలూరు వస్తున్నారు."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా గొంతు నాకే మొరటుగా వినిపించింది. ఆవిడ ఏడుస్తారనుకున్నాను. కోప్పడతారనుకున్నాను. ఆవిడ సీసా మూత పెట్టి, తీసుకొచ్చి నా చేతిలో ఉంచారు. నోరు పుక్కిలించి, కొంగుతో తుడుచుకున్నారు. లోపలికి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు. గొంతులో నిష్ఠూరం లేదు, మామూలుగానే అన్నారు.

"వస్తానమ్మా. ఆయనకి కూడా ఇలాగే చెప్పి ఉండాల్సింది నువ్వు. నీ మాటయితే వినేవారు."